సెలవులు అయిపోయాక తెలిసింది

మార్చి దాటి ఏప్రిల్ వచ్చిందంటే మన ఆడవాళ్లకి ఊపిరి సలపదు కదండీ! మిరపకాయలు ఎండబోసుకోవాలి, తొడిమలు తీసి గిర్నీకి పంపాలి. చింతపండు గింజ తీసి జాడీలో సర్దుకోవాలి. వడియాలు, అప్పడాలు, ఆవకాయ సరేసరి. పైగా పెళ్లిళ్లు. ఇల్లందులో మా క్వార్టర్ల వరసలో ఏ వాకిట్లో చూసినా పాత చీర పరిచి దాని మీద ఏదో ఒకటి ఎండుతూనే ఉంటుంది. కాయ ఎప్పుడు దింపుతారు, నూనె ఎప్పుడు ఆడించాలి, ఏ వారం వాన పడొచ్చు... అన్నీ ముందే లెక్కేసుకుంటాం.

ఇన్ని లెక్కలు తెలిసిన నాకు, పిల్లల వేసవి సెలవులకి కూడా ఒక లెక్క ఉంటుందని పెద్దమ్మాయి కాలేజీ చదువు అయిపోయేదాకా తెలియలేదంటే నమ్ముతారా?

మాకు ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది 2015లో ఇంజనీరింగులో చేరింది. హైదరాబాదు దగ్గర కాలేజీ, హాస్టలు. ఫీజు కట్టడం, నెలనెలా పచ్చళ్లూ పొడులూ పంపడం, పరీక్షలప్పుడు దేవుడికి దండం పెట్టుకోవడం - తల్లిగా నా పని అంతవరకే అనుకున్నాను. రెండో ఏడాది అయిపోయి 2017 మే నెలలో సెలవులకి రాబోతుండగా ఫోన్ చేసింది.

"అమ్మా, మా సీనియర్ ఒకక్క పనిచేసే చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కి తీసుకుంటామన్నారు. రెండు నెలలు. జీతం ఇవ్వరు గానీ పని నేర్పుతారట. ఉండనా?"

నాకు మొదట అర్థమైంది "జీతం ఇవ్వరు" అన్న ముక్క ఒక్కటే! హాస్టలు మూసేస్తారు, ఎక్కడుంటావు? ఒంటరిగా ఆడపిల్లవి, రోజూ ఎట్లా పోయొస్తావు? ఊరికే చాకిరీ ఎవరికి చేస్తావు? వాళ్ల బాబాయి పెళ్లి పెట్టుకుని నువ్వు లేకపోతే జనం ఏమంటారు? అన్నీ వరసగా అడిగేశాను. అది కాసేపు మాట్లాడలేదు. "సరేలే అమ్మా" అని పెట్టేసింది. ఆ వేసవి నాకు తోడుగా ఆవకాయ కలిపింది, మిరపకాయలకి తొడిమలు తీసింది, పెళ్లిలో వడ్డించింది. మా మరిది పెళ్లి మాత్రం ఏ లోటూ లేకుండా జరిగిపోయింది.

అసలు ఈ ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు. చదువుకుంటూ ఉండగానే ఒక ఆఫీసులోనో, ఫ్యాక్టరీలోనో, బ్యాంకులోనో కొన్ని వారాలు కూర్చుని, ఆ పని చేసేవాళ్ల పక్కనే ఉండి నేర్చుకోవడం. అంతే. పేరు ఇంగ్లీషుది కాబట్టి కొత్తగా ఉంది గానీ, మా బొగ్గుట్ట వాళ్లకి ఇది కొత్తేమీ కాదు. 1871లో డాక్టర్ విలియం కింగ్ అనే దొర ఈ చుట్టుపక్కల బొగ్గు ఉందని కనిపెట్టాడు. అప్పటి నుంచి ఈ ఊరు బొగ్గుతోనే బతికింది. దగ్గర్లోని సింగరేణి పల్లె పేరే కంపెనీకి వచ్చింది. గనిలో కొత్తగా చేరినవాళ్లకి ముందు ట్రైనింగ్ ఇవ్వాలని 1966లోనే కేంద్రం రూల్సు పెట్టింది. మా పెళ్లయిన కొత్తలో మావారికి ఉద్యోగం వచ్చినప్పుడు, చేరిన రోజే తట్టా చెమ్మస్ చేతికిచ్చి బాయిలోకి పంపేయలేదు. ముందు ట్రైనింగు సెంటరుకి పంపారు. పైకప్పు ఎట్లా చూసుకోవాలి, లైటు ఎట్లా పట్టుకోవాలి, గ్యాసు ఉంటే ఎట్లా తెలుస్తుంది అన్నీ నేర్పారు. ఆ రోజుల్లో ఆయనకి తెల్లవారక ముందే లేచి టిఫిన్ డబ్బా కట్టింది నేనే. అయినా నా కూతురు అదే మాట అడిగితే నాకు తట్టలేదు చూడండి!

ఆఖరి ఏడాదిలో చూస్తే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఉండాలన్నారు. అప్పటికి సెలవులన్నీ అయిపోయాయి. ఎవరో స్నేహితురాలు చెప్పిందట, ఒకచోట నాలుగు వేలు కడితే సర్టిఫికెట్ ఇస్తారని. ఫోన్లో అడిగింది. "నాలుగు వేలే కదా, కట్టెయ్" అన్నాను నేనే. నెలల తరబడి పనిచేసినట్టు రంగుల కాగితం వచ్చింది. నేను చూసి మురిసిపోయాను కూడా.

ఆ కాగితం పట్టుకుని మొదటి ఇంటర్వ్యూకి వెళ్లింది. ఎదురుగా కూర్చున్నావిడ చాలా మంచిగానే అడిగిందట. "అక్కడ నువ్వు ఏ పని చేశావమ్మా? నీ పని ఎవరు చూసేవాళ్లు? తప్పొస్తే ఎట్లా దిద్దుకున్నావు?" అని. మూడే ప్రశ్నలు. ఇది ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయింది. ఆవిడ కాగితం మెల్లిగా వెనక్కి ఇచ్చేసిందట. ఆ శనివారం ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని కలపకుండా ఏడ్చింది. "రాలేదని కాదమ్మా, అబద్ధం చెప్పినదాన్నయ్యా" అంది.

మావారు ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చి అప్పుడే స్నానం చేసి కూర్చున్నారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా వంక చూసి అన్నారు, "బాయిల దిగేటోన్ని ట్రైనింగ్ లేకుండ దించరు. మనం పిల్లని కాయితం ఇచ్చి దించినం."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

2019లో దాని చదువు అయిపోయింది. మధ్యలో కరోనా కూడా వచ్చిపడింది. 2021 దాకా సరైన ఉద్యోగం దొరకలేదు. చివరికి ఒక చిన్నచోట ట్రైనీగా చేరి, తక్కువ జీతానికి మొదటి నుంచీ పని నేర్చుకుని నిలబడింది. ఇప్పుడు బాగానే ఉంది. ఒకరోజు నాతో అంది, "నన్ను ఆపావని అనను గానీ అమ్మా, చెల్లిని మాత్రం ఆపకు."

చిన్నది 2022లో డిగ్రీలో చేరింది. ఖమ్మంలో బీకాం. కాలేజీలో చేరిన వారమే అక్కా చెల్లెళ్లిద్దరూ వంటింట్లో కూర్చుని, పాత క్యాలెండరు వెనకవైపు మూడేళ్ల సెలవులకీ గళ్లు గీశారు. నేను చపాతీలు ఒత్తుతూ చూస్తున్నాను. "బీకాం వాళ్లకి ఇవన్నీ ఎందుకే? అది ఇంజనీర్లకి కదా" అన్నాను. "లెక్కలు రాసే పని లేని ఊరు ఉందా అమ్మా?" అంది పెద్దది. నిజమే!

మొదటి ఏడాది కాలేజీలో ఎన్ఎస్ఎస్‌లో చేరింది. 1969 నుంచి ఉన్న పథకం ఇది. రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. మొక్కలు నాటడమే కదా అనుకున్నాను. కానీ పదిమందితో మాట్లాడటం, ఒక పని ఒప్పుకుంటే పూర్తి చేయడం అక్కడే అలవాటయ్యాయి. 2023 వేసవిలో మన ఊళ్లోనే, తెలిసిన బాబాయి ఎరువుల దుకాణంలో నాలుగు వారాలు పొద్దుటిపూట కూర్చుంది. స్టాకు రిజిస్టరు రాయడం, బిల్లులు తారీకుల వారీగా పెట్టడం. ఇంటికి కూతవేటు దూరం కాబట్టి నాకూ భయం లేదు. మొదటి ఏడాది పెద్ద కంపెనీలు ఎవరూ పిలవరు. ఇట్లా తెలిసినచోట మొదలుపెడితే పిల్లకీ ధైర్యం, తల్లికీ ధైర్యం.

రెండో ఏడాది అసలు పరీక్ష నాకే వచ్చింది. ఖమ్మంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో మే, జూన్ నెలల్లో ఆరు వారాలు రమ్మన్నారు. దీనికోసం చిన్నది డిసెంబరు నుంచే అడుగుతోంది. నాలుగు ఆఫీసులకి వెళ్లి స్వయంగా కాగితం ఇచ్చి వచ్చింది. రెండుచోట్ల చూద్దామన్నారు, ఒకచోట వద్దన్నారు, ఒకచోట రమ్మన్నారు. మే నెలలో అడిగితే ఎవరిస్తారు చెప్పండి? పెళ్లి మే నెలలో అయితే ఫంక్షన్ హాలు మేలో మాట్లాడుకుంటామా?

హాస్టలు మూసేశారు. రోజూ ఇల్లందు నుంచి బస్సు. పోను గంటన్నర, రాను గంటన్నర. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టిక్కెట్టు లేకుండా చేశారు కాబట్టి ఆధార్ కార్డు పర్సులో పెట్టుకుంటే చాలు. ఆ సదుపాయమే లేకపోతే ఆరు వారాల ఛార్జీలకి నేను మళ్లీ లెక్కలు తీసేదాన్నేమో! ఎండ మాత్రం మన ఖమ్మం ఎండ. మజ్జిగ సీసా, పెరుగన్నం, నెత్తికి చున్నీ.

మొదటి వారం మొహం వేలాడేసుకుని వచ్చేది. "కాయితాలు సర్దిస్తున్నారమ్మా. దీనికేనా నేను పోయింది?" అని. అప్పుడు నా సంగతి చెప్పాను. కొత్తగా పెళ్లయి వచ్చాక మా వరసలో ఒక టైలరక్క దగ్గర కుట్టు నేర్చుకున్నాను. మొదటి నెలంతా కాజాలు, గుండీలు, చీరలకి ఫాల్స్. జాకెట్ కత్తిరించనిస్తుందేమోనని రోజూ ఆశగా చూసేదాన్ని. ఇవ్వలేదు. కానీ ఆ నెలలోనే బట్ట ఏ వైపు సాగుతుందో చేతికి తెలిసింది. తర్వాత కత్తెర పట్టుకున్నాక బట్ట పాడు చేయలేదు. "కాయితాలు సర్దుతూ ఏం రాసుందో చదువు" అన్నాను. నాకు తెలిసింది అంతే మరి.

చదివింది. మూడో వారంలో ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కించి ఉన్నట్టు పట్టుకుంది. సంగతి చెప్పగానే ఆడిటర్ గారు ఆ రోజు నుంచి పక్కన కూర్చోబెట్టుకుని జీఎస్టీ లెక్కలు చూపించడం మొదలుపెట్టారట. ఇంట్లో క్యాలెండరు మీద 11, 20 తారీకులకి సున్నాలు చుట్టింది. ఏమిటే అంటే, నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారులు అమ్మకాల వివరాలు 11 లోపల, పన్ను రిటర్ను 20 లోపల పెట్టాలట. మా ఇంట్లో అప్పటిదాకా క్యాలెండరు మీద పాలు రాని రోజులకే సున్నాలు చుట్టేవాళ్లం!

ఆ ఏడు ఇంట్లో ఏమైందంటారా? ఆవకాయ సగమే పెట్టాను. ముక్కలు మావారు కొట్టిచ్చారు, ఒక్కటీ సమంగా లేదు. అత్తమ్మ పది రోజులు సణిగింది. చుట్టాలింట్లో ఒక పెళ్లికి చిన్నది రాలేదని ఇప్పటికీ ఒకావిడ నాతో సరిగా మాట్లాడదు. ఇవన్నీ నిజంగా జరిగేవే, దాచడం ఎందుకు? పిల్ల ఇంటర్న్‌షిప్ చేయాలంటే అప్లికేషన్ పెట్టడం దాని పని. ఇట్లాంటివన్నీ మీదేసుకోవడం మన పని.

మూడో ఏడాది ప్రాజెక్టు ఉంటే, మన పొదుపు సంఘాల పుస్తకాలే తీసుకుంది. అప్పులు, వాయిదాలు, తీర్మానాలు ఎట్లా రాస్తున్నారో చూసి, ఎక్కడ పొరపాట్లు వస్తాయో రాసింది. 2025లో చదువు కాగానే హైదరాబాదులో ఒక ఆఫీసులో అకౌంట్స్‌లో చేరింది. ఇంటర్వ్యూలో దీన్ని కూడా ఏం చేశావనే అడిగారట. రెండుసార్లు ఎక్కిన బిల్లు కథ చెప్పింది. జీతం మరీ ఎక్కువేమీ కాదు. కానీ చెప్పిన ప్రతి మాటా తనది.

ఆ రోజు పెద్దది ఫోన్లో సంతోషంగా మాట్లాడి, చివర్లో "నాకూ ఎవరైనా ఇట్లా గళ్లు గీసి ఉంటే బాగుండేదమ్మా" అంది. నేనేం చెప్పను? ఇంకా నా దగ్గర జవాబు లేదు. అందుకే మీకు రాస్తున్నాను.

మీ ఇంట్లో పిల్లలు ఇప్పుడే కాలేజీలో చేరుతుంటే ఈ నాలుగు సంగతులూ గుర్తుంచుకోండి.

మొదటి ఏడాది: తెలిసినచోట, ఊళ్లోనే చిన్న పని. దుకాణం, మందుల షాపు, బడి, ఆఫీసు ఏదైనా సరే. కంప్యూటర్లో లెక్కలు, ఉత్తరాలు రాయడం నేర్చుకోనివ్వండి. ఎన్ఎస్ఎస్ ఉంటే చేరమనండి.

రెండో ఏడాది: చదువుకి దగ్గరగా ఉండే పని. దసరా తర్వాతే అడగడం మొదలుపెట్టాలి. నాలుగుచోట్ల అడిగితే ఒకచోట ఒప్పుకుంటారు. ఇంట్లో పెళ్లీ పేరంటాల తారీకులు ముందే అనుకుని, ఆ వారాలు పిల్లకి వదిలేయండి.

మూడో ఏడాది, ఇంజనీరింగైతే నాలుగో ఏడాది కూడా: కొంచెం పెద్దచోట, ఎక్కువ రోజులు. ఇంజనీరింగ్ చదువుకి అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఇచ్చిన నమూనా ప్రకారం నాలుగేళ్లలో ఇంటర్న్‌షిప్‌లు 600 నుంచి 700 గంటల దాకా ఉండాలి. ఇంత పని ఒక్క ఆఖరి సెమిస్టర్లో ఎక్కడ కుదురుతుంది? ఆ మండలి వారి పోర్టల్లో ఖాళీలు కూడా చూసుకోవచ్చు. పక్కనే ఆంధ్రాలో 2020-21 నుంచి డిగ్రీ పిల్లలకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు సమాజసేవ, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు పని, మూడో ఏడాదిలో ఒక సెమిస్టరంతా. తిరువూరులో మా ఆడపడుచు కూతురు అట్లాగే చేసింది. మీ పిల్లల కాలేజీలో రూలు ఏమిటో చేరిన రోజే అడగండి.

చదువు అయ్యాక కూడా దారులున్నాయి. అప్రెంటిస్‌షిప్ అని 1961 చట్టం కింద స్టైపెండుతో పని నేర్పుతారు. ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ వాళ్లందరికీ ఉంది. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదలుపెట్టినప్పుడు 21 నుంచి 24 ఏళ్లవాళ్లకి పెద్ద కంపెనీల్లో ఏడాదిపాటు, నెలకి 5,000 రూపాయలతో అవకాశం ఇచ్చారు. ఇట్లాంటివాటిలో నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే ముందు ఒకసారి చూసుకోవాలి.

ఇక ఆడపిల్ల అన్న భయం. అది నాకూ ఉంది, పోదు. అందుకని ఇంట్లో కూర్చోబెట్టకుండా నాలుగు మాటలు అడగండి. లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఇస్తారా? పని ఏ గంట నుంచి ఏ గంట వరకు? ఎవరి దగ్గర నేర్చుకోవాలి? ఇంకెవరైనా ఆడవాళ్లు పనిచేస్తున్నారా? 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. అంతకంటే చిన్నచోటైతే జిల్లా కమిటీకి చెప్పుకోవచ్చు. ట్రైనీలకి కూడా ఆ చట్టం వర్తిస్తుంది. ఇది పిల్లకి ముందే చెప్పి పంపండి. మొదటి రోజు మీరో, వాళ్ల నాన్నో తోడు వెళ్లి ఆ చోటు చూసి రండి. అంతేగాని, మేం చేసినట్టు డబ్బులు కట్టి కాగితం మాత్రం తేవద్దు.

మన అమ్మాయిలు ఎక్కడిదాకా పోగలరో చూడండి. ఆడవాళ్లని గని లోపలికి పనికి పంపకూడదని 1952 చట్టం ఉండేది. 2019లో సూపర్‌వైజర్లుగా, ఇంజనీర్లుగా, మేనేజర్లుగా పగటిపూట దిగవచ్చని కేంద్రం అనుమతిచ్చింది. 2021లో తెలంగాణ అమ్మాయి రసకట్ల సంధ్య, హిందుస్తాన్ జింక్ వారి భూగర్భ గనికి మేనేజరయింది. ఈ వార్త చదివి వినిపిస్తే మావారు, "మన బాయిల కాడ ఆడపిల్ల మేనేజరయితే సలాం కొట్టనా ఏంది?" అని నవ్వారు. అంత లోతుకి దిగే పిల్లలున్న రోజుల్లో, ఖమ్మం బస్సెక్కడానికి మనమా అడ్డం?

ఈసారి మిరపకాయలకీ మామిడికాయలకీ లిస్టు రాసుకునేటప్పుడు, దానికి ముందు ఒక గీత గీసి పిల్ల పేరు, ఆ రెండు నెలలు ఎక్కడుంటుందో రాయండి. ఒక జాడీ తగ్గితే తగ్గనీయండి. మా అత్తమ్మే ఆ సగం ఆవకాయని తర్వాత ఏడాది దాకా సరిపెట్టింది. పైగా "ముక్క పెద్దదైనా బాగానే ఊరిందే" అని మెచ్చుకుంది కూడా!